అమెరికాలో మనవరాలికి సగం స్పానిష్, సగం ఇంగ్లిష్ బడి: వేయమనాలా, వద్దనాలా?

హనుమకొండ టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను ముప్పై రెండేళ్లు ప్రైమరీ బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. సగం సర్వీసు నర్సంపేట, గూడూరు దిక్కు తండాల దగ్గరే గడిచింది. ఇప్పుడు నక్కలగుట్టలో నేనూ మా ఆయనా ఉంటాం. ఒక సలహా కావాలి. కావాల్సింది నిజానికి నాకు కాదు, డాలస్ దగ్గర ఉన్న మా బిడ్డకు. టెన్షన్ మాత్రం నాదే.

మనవరాలికి ఐదేళ్లు నిండాయి. ఆగస్టులో కిండర్‌గార్టెన్. వాళ్ల ఇంటి దగ్గరి ప్రభుత్వ బడిలోనే డ్యూయల్ లాంగ్వేజ్ అని ఒక సెక్షన్ ఉందట. క్లాసులో సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు, సగం మంది ఆ భాష అసలు రాని పిల్లలు. పాఠాలు రెండు భాషల్లోనూ. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ తీశారు. మా పిల్ల పేరు వచ్చింది. వచ్చే శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. సరే అంటే ఐదో తరగతి దాకా అందులోనే ఉంచుతామని సంతకం కూడా పెట్టాలట.

ఇంట్లో తలో మాట. అల్లుడేమో టెక్సాస్‌లో ఉండి స్పానిష్ రాకపోతే ఎట్లా, ఊరికే నేర్పుతుంటే వద్దంటామా అంటాడు. బిడ్డకేమో పిల్ల రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని భయం. ఇంగ్లిషే ఇంకా అంతంత మాత్రం, సగం పూట స్పానిష్ అంటే చదవడం ఎప్పటికి వస్తుందని.

నా భయం వేరు, ఇంకా పైకి అనలేదు. ఆ పిల్ల నాతో మాట్లాడేది తెలుగులో. ఇక్కడ పొద్దున ఏడు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. పడుకుని ఫోన్ పొట్ట మీద పెట్టుకుంటుంది, నాకు ఎప్పుడూ దాని గదవే కనిపిస్తుంది. "అమ్మమ్మా, కాకి కథ" అంటుంది. మొన్న కథ మధ్యలో "కాకి ఫ్లై అయిపోయింది" అంది. ఎగిరిపోయింది అనాలి అన్నా. "అదే, ఫ్లై ఎగిరిపోయింది" అంది. ఒక్క ఇంగ్లిషే ఇంత జాగా పట్టింది. ఇంకో భాష కూడా వచ్చి కూర్చుంటే నా వాటా ఎంత?

అట్లని ఊరికే వద్దనడానికీ మనసు రావడం లేదు. దానికి కారణం నా ఉద్యోగం. తండా పిల్లలు ఒకటో తరగతిలో చేరితే నెల, నెలన్నర నోరు విప్పేవాళ్లు కాదు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. పిల్లలు మొద్దులు అనేసేవాళ్లం, అందరితో పాటు నేనూ అన్నాను. ఒకడుండేవాడు, కిటికీ కింద కూర్చుని పలక అంచు కొరుకుతూ ఉండేవాడు. ఆగస్టు దాటినా ఒక్క మాట లేదు. ఒకరోజు నీళ్ల గ్లాసు వాడి ముందు పెట్టి ఇదేంటిరా అన్నా. చాలాసేపు దాన్నే చూసి, నాకొక్కదానికే వినపడేట్టు "పాణి" అన్నాడు. అవున్రా, పాణి, నీళ్లు, రెండూ ఒకటే అని బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కనే రాశా. వెనక వరసలోంచి ఒక పిల్ల "యాడి!" అని అరిచింది. యాడి అంటే అమ్మ. దాన్నీ రాశా. ఆ రోజు పాఠం సాగలేదు, బోర్డు మాత్రం నిండిపోయింది. ఆ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు, తనిఖీకి వచ్చిన సారు చూసుంటే చీవాట్లే.

అందుకే అడుగుతున్నా. మన పిల్లల్ని ఇట్లాంటి బడిలో వేసినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంగ్లిష్ నిజంగా వెనకబడుతుందా? తెలుగు ఏమవుతుంది? అమ్మానాన్నలకు స్పానిష్ ముక్క రాకపోతే హోంవర్క్ ఎవరు చూస్తారు?

కరీంనగర్ నుంచి ఆస్టిన్:

మేడం నమస్తే. మాది కరీంనగర్, ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు. మా వాడు ఇదే పద్ధతిలో నాలుగో తరగతి, పాప ఒకటో తరగతి. తెలిసింది రాస్తా, కొంచెం పొడుగవుతుంది.

ముందు మీ బిడ్డను ఒక మాట కనుక్కోమనండి, అది 90/10 పద్ధతా, 50/50 పద్ధతా అని. 90/10 అంటే కిండర్‌గార్టెన్‌లో నూటికి తొంభై వంతులు స్పానిష్‌లోనే, ఏటేటా తగ్గిస్తూ నాలుగో ఐదో తరగతికి సగం సగం చేస్తారు. 50/50 అంటే మొదటి రోజు నుంచే సగం సగం. మీ బిడ్డ భయపడుతున్నది చదవడం గురించి కాబట్టి ఈ తేడా తెలుసుకోవాలి. 90/10లో పిల్ల మొదట చదవడం నేర్చుకునేది స్పానిష్‌లో. రెండో తరగతి దాకా ఇంగ్లిష్ పుస్తకంలో పక్క సెక్షన్ పిల్లల కంటే వెనకే ఉంటుంది. అది ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు, తెలియకపోతే రోజూ ఏడుపే.

మాది 50/50. లెక్కలు ఇంగ్లిష్‌లో, సైన్సు, సోషల్ స్పానిష్‌లో. గోడ మీద ఇంగ్లిష్ మాటలు నీలం రంగులో, స్పానిష్ మాటలు ఎర్ర రంగులో ఉంటాయి. ఇద్దరిద్దర్ని జత చేసి కూర్చోబెడతారు, ఒకరు స్పానిష్ ఇంటి నుంచి, ఇంకొకరు కాదు. లెక్కల పీరియడ్‌లో మా వాడు ఆ పిల్లకు చెప్పాలి, సైన్సు పీరియడ్‌లో ఆ పిల్ల మా వాడికి చెప్పాలి. మీ గ్లాసు కథ చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

మొదటి రెండేళ్లు వాడు స్పానిష్‌లో నోరు తెరవలేదు మేడం. అర్థమయ్యేది, జవాబు ఇంగ్లిష్‌లో ఇచ్చేవాడు. డబ్బులు కట్టే బడి కాదు కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే మా ఆవిడ ఎప్పుడో మాన్పించేసేది. రెండో తరగతి ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు టాకో బండి దగ్గర ఆగాం. నేను వేళ్లు చూపిస్తూ మూడు చెప్పా. వీడు నా చొక్కా లాగి, బండిలో ఉన్నామెతో "ఉనో సిన్ సెబోయా" అన్నాడు. ఒకదాంట్లో ఉల్లిపాయ వద్దని. నేను ఉల్లిపాయ పచ్చిది తినను, వాడికి గుర్తుంది. ఆమె ఎంత మురిసిపోయిందంటే వాడికి మామిడిపండు రసం ఊరికే ఇచ్చింది.

ఇంగ్లిష్ సంగతి: ఇక్కడ మూడో తరగతి నుంచి స్టార్ అనే రాష్ట్ర పరీక్ష ఉంటుంది. వాడు ఇంగ్లిష్‌లోనే రాసి బాగానే పాసయ్యాడు. ఒక్క పిల్లాడిని చూసి చెప్తున్న మాటే ఇది, అంతవరకే తీసుకోండి.

బాగా లేనిది కూడా చెప్పాలి. పాప కిండర్‌గార్టెన్‌లో ఉండగా జనవరిలో స్పానిష్ టీచర్ మానేసింది. రెండు నెలలు స్పానిష్ ఒక్క ముక్క రాని సబ్‌స్టిట్యూట్‌తో నడిపారు. ఎర్ర అక్షరాలు గోడ మీద ఉన్నాయి, చదివి వినిపించేవాళ్లు లేరు. అడిగితే టీచర్లు దొరకడం లేదన్నారు. సంతకం పెట్టేముందు ఆ సెక్షన్‌లో స్పానిష్ టీచర్ ఎన్నేళ్ల నుంచి ఉందో అడగమనండి. నేను అడగలేదు.

హోంవర్క్ అంటారా, స్పానిష్ కాగితం వస్తే నేనూ మా ఆవిడా దాని ముందు దండం పెట్టి కూర్చునేవాళ్లం. ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూసుకోవడమే. తర్వాత మా మెట్ల కిందింట్లో ఉండే మెక్సికో అవ్వ దగ్గరికి పంపడం మొదలుపెట్టాం. ఆమెకు మా ఇంటి నుంచి పప్పు వెళ్లేది.

ఇంకొక్కటి, ఇది చాలామంది మనవాళ్లు తప్పు చేసేది. అడ్మిషన్ అప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లిష్ ఎంత వచ్చో పరీక్ష పెడతారు. ఆ భయానికి ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడేవాళ్లు కూడా ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఆ వయసులో అది మాట్లాడించి, వినిపించి చూసే చిన్న పరీక్షే. ఉన్నది రాయమనండి.

తెలుగు గురించి అడిగారు. మా వాడికి తెలుగు తగ్గింది, దాచడం ఎందుకు. కానీ స్పానిష్ వల్ల కాదు. వాడు బడి నుంచి రాగానే నేనూ మా ఆవిడా ఇంగ్లిష్‌లోకి మారిపోయాం కాబట్టి.

కాజీపేట జంక్షన్:

నాది కొంచెం వేరే మాట, కోపం వద్దు.

ఈ బడులు అసలు ఎవరి కోసం పుట్టాయో చూడండి. 1963లో మయామీలో కోరల్ వే అనే ఎలిమెంటరీ స్కూల్‌లో మొదలైంది, క్యూబా నుంచి వచ్చిన కాందిశీకుల పిల్లల కోసం. 1974లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసు. అర్థం కాని భాషలో పాఠం చెప్పి అందరికీ ఒకే పుస్తకం ఇచ్చాం కదా అంటే అది సమానత్వం కాదని కోర్టు తేల్చింది. అంటే ఇంగ్లిష్ రాని పిల్లల కోసం పడ్డ దారి ఇది. ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనం లాటరీలో నిలబడి రెజ్యూమేలో ఇంకో లైను కోసం ఆ సీట్లు పట్టుకుంటున్నారు. మీ అల్లుడిని అనడం లేదు మేడం, నేనూ అదే క్యూలో నిలబడ్డా. మాకు రాలేదు.

పైగా అందరూ పొగిడేది రెండో భాష గురించి. మన పిల్లలకు అది మూడోది. ఆ లెక్క ఎవరూ వేయరు.

జనగామ స్పానిష్:

నేను హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో స్పానిష్ చదివినవాణ్ణి. ఊరు జనగామ. స్పానిష్ అంటే ఏదో గ్రహాంతర భాష అనుకుంటున్నారు కాబట్టి ఆగలేక రాస్తున్నా.

టీచరమ్మ గారూ, తెలుగు నోటికి ఇంగ్లిష్ కంటే స్పానిష్ చాలా దగ్గర. వాళ్ల త, ద మన త, దలే, నాలుక పళ్లకు తగలాలి. ఇంగ్లిష్ పిల్లలు దానికోసం కిందామీదా పడతారు, మీ మనవరాలికి పుట్టుకతో వచ్చింది. అచ్చులు ఐదే: ఆ, ఏ, ఈ, ఓ, ఊ. రాసింది రాసినట్టు చదవడమే దాదాపుగా, ఇంగ్లిష్‌లో ఉన్న స్పెల్లింగ్ గోల లేదు. అందుకే స్పానిష్‌లో మొదట చదవడం నేర్చిన పిల్లలు అక్షరం కూడబలుక్కోవడం తొందరగా పట్టేస్తారు. ఆ పట్టు తర్వాత ఇంగ్లిష్‌లోకీ వస్తుంది, చదవడమనే పని పిల్లలు రెండుసార్లు మొదటి నుంచి నేర్చుకోరు.

వాక్యం కూడా చూడండి. "నాకు మామిడి ఇష్టం" అంటాం మనం. స్పానిష్‌లో "మే గుస్తా ఎల్ మాంగో", అక్కడా "నాకు"తోనే మొదలు. ఇంగ్లిష్‌లో ఆ "నాకు" "నేను" అయిపోతుంది. "మాట్లాడతాను" అంటే చివరి "ను"లోనే నేను ఉన్నానుగా, స్పానిష్‌లో "ఆబ్లో" అంటే చివరి ఓలోనే ఉంటుంది. నువ్వు, మీరు తేడా ఉంది: తూ, ఉస్తేద్. అన్నీ కలుస్తాయని కాదు. బల్ల ఆడది, పుస్తకం మగది అంటారు, దానికి కారణం వెతక్కూడదు. వ, బ రెండూ ఒకేలా పలుకుతారు. ఆవును "వాకా" అని రాసి "బాకా" అంటారు. పిల్ల కొన్నాళ్లు వంకాయని బంకాయ అంటే భయపడకండి.

బిడ్డ గారి భయానికి: ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో కూడా ఈ సీట్లు లాటరీతోనే ఇస్తారు. అక్కడ లాటరీ వచ్చిన పిల్లల్ని, రాని పిల్లల్ని పోల్చి రాండ్ సంస్థ పరిశోధకులు 2015లో లెక్క ఇచ్చారు. ఇంగ్లిష్ చదవడంలో లాటరీ వచ్చినవాళ్లు ఐదో తరగతికి దాదాపు 7 నెలలు, ఎనిమిదో తరగతికి 9 నెలలు ముందున్నారు. లెక్కల్లో, సైన్సులో లాభం లేదు, నష్టమూ లేదు. లాటరీ కాబట్టి, చదువుకున్న అమ్మానాన్నల పిల్లలే చేరారు అందుకే మంచి మార్కులు అనే వాదన ఇక్కడ చెల్లదు.

కాజీపేట అన్నా, సీట్ల సంగతిలో నువ్వన్నది సబబే. కాకపోతే క్లాసులో సగం మంది స్పానిష్ రాని పిల్లలు ఉంటేనే ఆ పద్ధతి నడుస్తుంది. మీ వాటా సీటు మీరు తీసుకుంటే అవతలి వాటాకు తగ్గదు.

ఇంకొకటి, నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టి హనుమకొండలో చదువుకున్న పీవీ నరసింహారావుకు స్పానిష్ వచ్చు. మన మట్టికి అది కొత్తేం కాదు.

నర్సంపేట దిక్కు సారు:

మేడం, మీరు వదిలిన బడుల్లాంటి బడిలోనే ఇప్పుడు నేను పనిచేస్తున్నా. 2022-23 నుంచి మనకూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా. పుస్తకం తెరిస్తే ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. బొమ్మలు కూడా అవే. తల్లిదండ్రులు మొదట ఇదేం పుస్తకం, ఇంత లావు అన్నారు. ఇప్పుడు ఇంటి దగ్గర అమ్మ తెలుగు పేజీ చదివి చెప్తుంటే పిల్ల ఇంగ్లిష్ పేజీ వేలు పెట్టి చూసుకుంటోంది.

తండా పిల్లలకు ఆ రెండు పేజీలూ పరాయివే. మీ బోర్డు మీద పాణి, నీళ్లు పక్కపక్కన రాసినట్టు పుస్తకంలో మూడో పేజీ లేదు.

హనుమకొండ టీచరమ్మ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నీ మా ఆయనకు చదివి వినిపించా. బంకాయ దగ్గర బాగా నవ్వాడు.

మీ ప్రశ్నలన్నీ బిడ్డకు పంపితే ఈరోజు బడికి ఫోన్ చేసి కనుక్కుంది. వాళ్లది 50/50. స్పానిష్ టీచర్ అక్కడే ఆరేళ్ల నుంచి ఉందట. ఆ ఒక్క మాటకే బిడ్డకు సగం భయం పోయింది, కరీంనగర్ బాబూ, నీకు పుణ్యం ఉంటుంది. ఫారంలో ఇంగ్లిష్ అని రాసేసి పెట్టుకుందట అల్లుడు! కొట్టించి తెలుగు అని రాయించా. నా భాషను నా ఇంటివాళ్లే కాగితం మీద దాచిపెడితే ఎట్లా?

కాజీపేట బాబూ, నీ మాట నాకు కోపం తెప్పించలేదు, నిద్ర పట్టనివ్వలేదు. మా బడిలో తండా పిల్లలు మా భాష నేర్చుకున్నారు, చక్కగా నేర్చుకున్నారు. మిగతా పిల్లలు వాళ్ల భాషలో ఒక్క మాట నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు, ఆ బోర్డు నిండిన రోజు తప్ప. అక్కడ మెక్సికో పిల్ల సగం రోజు క్లాసుకే టీచర్ అవుతుంది. నా మనవరాలు ఆ పిల్ల ముందు పలక పట్టుకుని కూర్చోవాలి. అది నాకు నచ్చింది, సీటు సంగతి ఎట్లున్నా.

మూడో భాష లెక్క ఎవరూ వేయరన్నావు కదా, ఆ లెక్క నేనే వేసుకోవాలి. పొద్దున ఏడింటి ఫోన్ నాదే, అందులో ఇంగ్లిష్ రానివ్వను, స్పానిష్ రానిస్తా. అదెట్లంటే, నర్సంపేట సారు ఎదురు పేజీ గురించి రాశాక ఒక వంద పేజీల నోట్‌బుక్ తెచ్చా. ఎడమ పేజీలో బొమ్మ గీసి కింద తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు రాస్తున్నా. కుడి పేజీ ఖాళీ. బడిలో నేర్చుకున్న మాట అక్కడ రాసి, ఫోన్‌లో నాకు చదివి వినిపించాలి. అప్పుడు నేను ఆ మాట పలకాలి, తప్పు పలికితే అది దిద్దాలి. ఇప్పటికి కోడిపుంజు, గిన్నె, చీమ, కిటికీ అయ్యాయి. ఆవు గీశా కానీ మా ఆయన కుక్క అంటున్నాడు.

జనగామ బాబూ, నిన్న తంగేడు పువ్వు గీశా, బతుకమ్మలో పేర్చేది కదా అని. దానికి స్పానిష్‌లో పేరేమైనా ఉందా? ఉంటే తెలుగు అక్షరాల్లోనే రాసి పెట్టు. కొంచెం తొందరగా చెప్పాలి, మా ఎదురింటి అబ్బాయి ఇరవయ్యో తారీఖున డాలస్ పోతున్నాడు. పెట్టెలో రెండు కిలోల జాగా ఇస్తానన్నాడు, మామిడికాయ తొక్కుకే కిలోన్నర పోయింది.

జనగామ స్పానిష్:

చూసి రేపు పొద్దునకల్లా చెప్తానమ్మా. తొక్కు డబ్బాకు రెండు కవర్లు చుట్టండి, నోట్‌బుక్ మాత్రం ఆ పెట్టెలో పెట్టకండి, చేతి సంచిలో పెట్టమనండి.